మూలం తెలుసుకుని వినడం: మరుగున పడిన రాక్ రికార్డులు, వాటి పునర్ముద్రణలు

ఒకప్పుడు వెలువడి, కొద్దికాలం అమ్ముడుపోయి, ఆ తరువాత దుకాణాల్లో గాని రేడియోలో గాని వినిపించకుండా పోయిన రాక్ సంగీతపు రికార్డులు గత పాతిక ముప్ఫై ఏళ్లుగా కొత్త అట్టలతో మళ్లీ మార్కెట్టులోకి వస్తున్నాయి. వాటిలో చాలావాటి మీద 'రీమాస్టర్డ్' అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది; దానివల్ల ధరా పెరుగుతుంది, కొనేవారి ఆశా పెరుగుతుంది గాని, లోపలి శబ్దానికి నిజంగా ఏం జరిగిందో ఆ ఒక్క మాటను బట్టి తెలియదు. అందువల్ల పాత సంగీతాన్ని కొత్త ప్రతిలో వినడం అలవాటు చేసుకోదలచినవారు చెవికి పని చెప్పడానికి ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఈ శబ్దాన్ని ఏ మూలం నుంచి తీశారు, ఎవరు తీశారు, తీసిన తరువాత దానికి ఏమేమి చేశారు? ఈ అధ్యాయం ఆ ప్రశ్నలను కోలారు జిల్లా పాఠకుణ్ణి, అందులోనూ బంగారు గనుల పట్టణమైన కోలార్ గోల్డ్ ఫీల్డ్స్, అంటే కేజీఎఫ్‌లో పెరిగిన పాఠకుణ్ణి మనసులో ఉంచుకుని చర్చిస్తుంది.

ఈ ప్రాంతాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే బ్రిటిష్ సంస్థ గనుల నిర్వహణ చేపట్టిన నాటి నుంచి కేజీఎఫ్‌లో వేర్వేరు లోకాలు పక్కపక్కనే బతికాయి. గనుల్లోకి దిగే పనికి ఉత్తర ఆర్కాటు నుంచి తమిళులు, చిత్తూరు వైపు నుంచి తెలుగువారు వచ్చారు. పర్యవేక్షణ ఉద్యోగాల్లో బ్రిటిష్ వారితో పాటు ఆంగ్లో ఇండియన్లు స్థిరపడ్డారు. క్లబ్బులు, గోల్ఫ్ మైదానం, చర్చిలు, బంగళాలు కలిసి ఊరికి 'లిటిల్ ఇంగ్లండ్' అన్న పేరు తెచ్చాయి. శివనసముద్రం జలవిద్యుత్తు సుమారు 150 కిలోమీటర్ల తీగల మీదుగా 1902లో గనులకు చేరింది. బెంగళూరు వీధుల్లో విద్యుద్దీపాలు వెలగడానికి ఆ తరువాత మరో మూడేళ్లు పట్టింది. గాయని గౌహర్ జాన్ గొంతు కలకత్తాలో గ్రామఫోను రికార్డుకెక్కినది కూడా 1902 నవంబరులోనే. ఈ రెండు సంఘటనలకూ సంబంధం ఏమీ లేదు గాని, ఊరి చరిత్రను, రికార్డుల చరిత్రను పక్కపక్కన పెట్టి చదివేవారికి ఆ తేదీ గుర్తుంచుకోవడం తేలిక. గనులు 1956లో మైసూరు ప్రభుత్వం చేతికి, 1962లో కేంద్రం చేతికి వచ్చి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ కింద ఏర్పాటై, 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. స్వాతంత్ర్యం తరువాతి దశాబ్దాల్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు అనేకం ఆస్ట్రేలియాకో బ్రిటన్‌కో తరలిపోయాయి. బ్రిడ్జెట్ వైట్-కుమార్ రాసిన 'కోలార్ గోల్డ్ ఫీల్డ్స్: డౌన్ మెమరీ లేన్' అన్న పుస్తకం ఆ జీవితాన్ని లోపలివారి కళ్లతో నమోదు చేసింది. తరలిపోయిన ఇళ్లలోని రికార్డులు కొన్ని యజమానులతో పాటు ఓడలెక్కాయి, కొన్ని పాత సామాన్ల వారి చేతిలో పడ్డాయి, కొన్ని ఇప్పటికీ అటకల మీద ఉన్నాయి.

ఆ ఇళ్లలో వినిపించినది ఎక్కువగా జిమ్ రీవ్స్, క్లిఫ్ రిచర్డ్, ఎంగెల్బర్ట్ హంపర్‌డింక్ వంటివారి పాట. వీరిలో క్లిఫ్ రిచర్డ్ 1940లో లక్నోలో పుట్టాడు. హంపర్‌డింక్ 1936లో మద్రాసులో పుట్టాడు. బీటిల్స్ తొలినాళ్ల డ్రమ్మరు పీట్ బెస్ట్ పుట్టిందీ మద్రాసులోనే, 1941లో. అతని కథ పునర్ముద్రణల విషయంలో ప్రత్యేకంగా చెప్పుకోదగినది: 1962 జనవరి 1న డెక్కా సంస్థ ముందు బీటిల్స్ బృందం పాడి తిరస్కారం పొందిన రోజు డ్రమ్స్ వాయించినది అతడే, ఆ ఏడాదే బృందం నుంచి తొలగింపునకు గురై మరుగున పడ్డాడు, నాటి రికార్డింగులు కొన్ని 1995లో 'ఆంథాలజీ 1' సంపుటంలో అధికారికంగా వెలువడినప్పుడు, ముప్ఫై మూడేళ్ల తరువాత, అతని వాయిద్యం లోకానికి వినబడింది, అతనికి రాయల్టీ కూడా అందింది. మూలం భద్రంగా ఉండి, అందులో వాయించినది ఎవరో నమోదై ఉండడం వల్లనే అది సాధ్యమైంది.

కేజీఎఫ్‌కు దగ్గరి రాక్ కేంద్రం బెంగళూరు. మారికుప్పం నుంచి బంగారుపేట మీదుగా వెళ్లే రైలు ఈ రెండు ఊళ్లనూ కలిపి ఉంచింది. కంటోన్మెంటు ప్రాంతపు ఆంగ్లో ఇండియన్ సమాజానికీ గనుల పట్టణపు సమాజానికీ బంధుత్వాలు ఉండేవి. 1960లలో బెంగళూరు కుర్రకారు గిటార్లు పట్టి 'బీట్ గ్రూపులు' పెట్టారు. ఇంగ్లండులో తరువాత పేరు మోసిన సంగీత నిర్మాత బిద్దు అప్పయ్య బెంగళూరులో ట్రోజన్స్ అనే బృందంతో మొదలైనవాడే. 1974 నాటి 'కుంగ్ ఫూ ఫైటింగ్', 1980 నాటి 'ఆప్ జైసా కోయీ' అతని ఖాతాలోనివి. దిగుమతుల మీద గట్టి ఆంక్షలున్న ఆ రోజుల్లో విదేశీ గిటారు, ఆంప్లిఫయరు దొరకడం కష్టం కాబట్టి స్థానిక రేడియో మెకానిక్కులు కట్టిచ్చిన ఆంప్లిఫయర్లతోనే చాలా బృందాలు నెట్టుకొచ్చాయి. అప్పటి భారతీయ రాక్ శబ్దంలో వినిపించే గరుకుదనానికి ఇది కూడా ఒక కారణం.

ఈ బృందాల్లో ఎక్కువ శాతం ఒక్క రికార్డు కూడా చేయకుండానే చెదిరిపోయాయి. మిగిలిన ఆనవాళ్లలో ముఖ్యమైనవి సిమ్లా బీట్ ఎల్పీలు. ఇంపీరియల్ టొబాకో సంస్థ తన సిమ్లా సిగరెట్ల ప్రచారం కోసం దేశవ్యాప్తంగా బీట్ బృందాల పోటీ నిర్వహించి, ఎంపికైన బృందాల పాటలతో 1970లో ఒకటి, 1971లో ఒకటి చొప్పున రికార్డులు వేయించింది. వాటిలో బెంగళూరు నుంచి డైనోసార్స్, మద్రాసు నుంచి కన్ఫ్యూజన్స్, కలకత్తా నుంచి గ్రేట్ బేర్, షిల్లాంగ్ నుంచి ఫెంటోన్స్ వంటి బృందాలున్నాయి. సొంత రచనలూ విదేశీ పాటల అనుకరణలూ వాటిలో కలిసే ఉన్నాయి. డైనోసార్స్ పాడినది క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ వారి 'సినిస్టర్ పర్పస్'. సిగరెట్టు ప్రచారం ముగిశాక ఆ రికార్డులను పట్టించుకున్నవారు లేరు. దశాబ్దాల తరువాత జర్మనీకి చెందిన క్యూడీకే మీడియా ఆ రెండింటినీ కలిపి పునర్ముద్రించాకే ప్రపంచంలోని సైకెడెలిక్ రాక్ అభిమానులు భారతదేశంలోనూ ఇటువంటి సంగీతం ఉండేదని గ్రహించారు. సైకెడెలిక్ రాక్ అంటే 1960ల ద్వితీయార్ధంలో పుట్టిన, గిటారు శబ్దాన్ని కావాలని వికృతపరచి, ప్రతిధ్వనులు చేర్చి మత్తుగొలిపే వాతావరణం సృష్టించే శైలి; అలా ధ్వనిని చిట్లగొట్టే పరికరాన్ని ఫజ్ బాక్స్ అంటారు. ఒక మాట నిష్కర్షగా చెప్పాలి: సిమ్లా బీట్ పాటలన్నీ గొప్పవి కావు, కొన్నింటిలో గాయకుడి ఇంగ్లీషు ఉచ్చారణ అమెరికను గొంతును అనుకరించే ప్రయత్నంలో తడబడుతుంది; అయినా ఆ తడబాటుతో సహా అవి 1970 నాటి భారతీయ నగర యువత ధ్వనికి మిగిలిన కొద్దిపాటి సాక్ష్యాలు.

ఇదే దారిలో మరికొన్ని వచ్చాయి. బొంబాయికి చెందిన అటామిక్ ఫారెస్ట్ బృందపు 'అబ్సెషన్ 77'ను అమెరికాలోని నౌ-అగైన్ రికార్డ్స్ 2011లో మళ్లీ తెచ్చింది. చరణ్‌జీత్ సింగ్ 1982లో రోలాండ్ యంత్రాల మీద రాగాలను డిస్కో తాళంతో వాయించి చేసిన రికార్డు 2010లో బొంబే కనెక్షన్ అనే లేబుల్ ద్వారా తిరిగొచ్చి, ఆయనను డెబ్బై ఏళ్ల వయసులో విదేశీ వేదికలెక్కించింది. కలకత్తా గాయని రూపా బిశ్వాస్ 1982 నాటి 'డిస్కో జాజ్' 2019లో న్యూమెరో గ్రూప్ ద్వారా వెలువడింది. ఈ రెండూ రాక్ కాకపోయినా మరుపుకూ పునర్ముద్రణకూ మధ్య దూరం ఎంత ఉంటుందో తెలుసుకోవడానికి పనికొస్తాయి. వీటన్నిటిలోనూ చొరవ ఎక్కువగా విదేశీ సేకర్తలదే కావడం కొంత ఆలోచించవలసిన విషయం.

ఇక పదాల సంగతి. 'రీఇష్యూ' అంటే పాత రికార్డును మళ్లీ విడుదల చేయడం మాత్రమే. దానికి శబ్దపరంగా ఏ సంస్కారమూ జరగకపోవచ్చు. రికార్డింగు పూర్తయి, అన్ని వాయిద్యాల పాళ్లూ కుదిర్చి కలిపిన తరువాత, రికార్డుగానో సీడీగానో అచ్చు వేయడానికి చేసే తుది తయారీని మాస్టరింగ్ అంటారు. అలా తయారైన టేపు మాస్టర్ టేపు. ఆ తుది తయారీని కొత్త పరికరాలతో మళ్లీ చేయడమే రీమాస్టరింగ్. ఇందులో హెచ్చు, మంద్ర స్వరాల పాళ్లు సవరించవచ్చు, వాటి పేరు ఈక్వలైజేషన్. చిటపటలు, హిస్ అనే బుస శబ్దం తగ్గించవచ్చు. మొత్తం శబ్దస్థాయిని పెంచవచ్చు. కానీ గిటారును మాత్రమే వేరు చేసి పైకి తేవడం రీమాస్టరింగ్ పని కాదు. వాయిద్యాలు విడివిడిగా రికార్డయిన బహుళ ట్రాకుల టేపును తీసుకుని పాళ్లు కొత్తగా కలిపితే అది రీమిక్స్. పాటనే మళ్లీ పాడించి, వాయించి చేస్తే అది రీమేక్. పాత ఇంటికి సున్నం వేయడం, గదుల గోడలు జరపడం, అదే నమూనాలో పక్క స్థలంలో కొత్త ఇల్లు కట్టడం ఎంత వేర్వేరో ఈ మూడూ అంత వేర్వేరు.

ఊరి పేరుతో వచ్చిన సినిమాలోనే దీనికి చక్కని ఉదాహరణ ఉంది. 2018లో విడుదలైన 'కేజీఎఫ్' కన్నడ ప్రతిలో తమన్నా నర్తించిన 'జోకె' పాట, రాజ్‌కుమార్ నటించిన 1970 నాటి 'పరోపకారి' చిత్రం కోసం ఉపేంద్రకుమార్ స్వరపరచగా ఎల్.ఆర్. ఈశ్వరి పాడిన పాటకు రీమేక్. హిందీ ప్రతిలో ఆ స్థానంలో 1989 నాటి 'త్రిదేవ్' లోని 'గలీ గలీ' రీమేక్ వచ్చింది. కొత్త పాట విని పాతదాన్ని వెతికి విన్నవారికి తెలుస్తుంది, ఈశ్వరి గొంతులోని విసురు కొత్త ప్రతిలోకి రాలేదు, వచ్చే అవకాశమూ లేదు. అక్కడ పాడుతున్నది వేరొకరు. 'పరోపకారి' పాటను టేపు నుంచి శుభ్రపరచి వినిపిస్తే మాత్రం అది రీమాస్టర్ అవుతుంది. యూట్యూబులో ఈ పేర్లన్నీ కలగాపులగమై ఉంటాయి కాబట్టి అక్కడ కనిపించే 'రీమాస్టర్డ్' అన్న మాటకు విలువ ఇవ్వనక్కరలేదు.

తెలుగు పాఠకులకు మరింత దగ్గరి ఉదాహరణ 'మాయాబజార్'. 1957 నాటి ఆ చిత్రాన్ని హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగుల్లోకి మార్చి, ధ్వనిని డీటీఎస్ పద్ధతిలోకి తెచ్చి 2010 జనవరిలో విడుదల చేసింది. ఒకే మైకు ముందు, ఒకే ట్రాకులో పుట్టిన మోనో శబ్దాన్ని హాలులో పలు దిక్కుల నుంచి వినిపించేలా విస్తరించడం కేవలం శుభ్రపరచడం కాదు, వ్యాఖ్యానం కూడా. దాన్ని ఇష్టపడడంలో తప్పు లేదు. అసలు శబ్దం అదేనని నమ్మడంలోనే పొరపాటు. రాక్ రికార్డుల విషయంలోనూ మోనోగా వెలువడినదాన్ని కృత్రిమంగా స్టీరియో చేసిన ప్రతులు చాలా ఉన్నాయి. రెండు ప్రతులూ దొరికినప్పుడు శ్రోత మోనోతోనే మొదలుపెట్టడం మేలు.

మూలం విషయంలో పునర్ముద్రణలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటి రకం మాస్టర్ టేపు నుంచి చేసినవి. రెండో రకం టేపు దొరకనప్పుడు, దొరికిన ఎల్పీల్లో అరగనిదాన్ని ఎంచి, ముల్లు పెట్టి ఆడించి, ఆ శబ్దాన్ని కంప్యూటరులోకి ఎక్కించి చేసినవి. వీటిని నీడిల్ డ్రాప్ అంటారు. టేపులు పోవడానికి కారణాలు అనేకం. టేపు ఖరీదైన కాలంలో పాతదాన్ని చెరిపి కొత్తది నింపే అలవాటు రేడియో కేంద్రాల్లోనూ స్టూడియోల్లోనూ ఉండేది. 1970ల నుంచి తయారైన కొన్ని రకాల టేపుల్లో అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే జిగురు తేమను పీల్చి బంకగా మారుతుంది, అటువంటి టేపును తక్కువ వేడిలో గంటల తరబడి ఆరబెట్టిన తరువాతే ఆడించగలరు. అగ్నిప్రమాదాలు సరేసరి, 2008 జూన్‌లో హాలీవుడ్‌లోని యూనివర్సల్ గోదాములో కాలిపోయిన మాస్టర్ టేపుల సంగతి ప్రజలకు పూర్తిగా తెలియడానికి 2019 దాకా పట్టింది. కాబట్టి నీడిల్ డ్రాప్ అనగానే చిన్నచూపు అక్కరలేదు. శుభ్రమైన ఎల్పీ నుంచి జాగ్రత్తగా తీసి, మూలం ఇదని అట్ట మీద ఒప్పుకున్న ప్రతి, మూలం చెప్పకుండా 'ఒరిజినల్' అని ఊరించే ప్రతి కంటే నమ్మదగినది. పేరున్న సంస్థలు కూడా దీనికి అతీతం కావు: పూర్తిగా అనలాగ్ పద్ధతిలో తయారవుతున్నాయని కొనుగోలుదారులు నమ్మిన మొబైల్ ఫిడెలిటీ వారి ఎల్పీల్లో చాలావాటికి మధ్యలో డిజిటల్ దశ ఉందని 2022లో బయటపడి పెద్ద వివాదమైంది. విచిత్రం ఏమిటంటే అంతకు ముందు దాకా ఆ రికార్డుల శబ్దాన్ని నిపుణులు సైతం మెచ్చుకుంటూనే వచ్చారు. అక్కడ దెబ్బతిన్నది శబ్దం కాదు, మాట.

మూలం తేలిన తరువాత చెవి పని మొదలవుతుంది. ఇక్కడ శ్రోతను మోసగించేది హోరు. 1933లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు చూపినట్టు, మానవ శ్రవణేంద్రియం మంద శబ్దంలో బాస్‌ను, హెచ్చు స్వరాలను తక్కువగా గ్రహిస్తుంది; శబ్దం పెరిగేకొద్దీ అవి నిండుగా వినబడతాయి. అందువల్ల ఒకే రికార్డింగును కొంచెం హెచ్చుగా వినిపిస్తే వినేవారు దాన్నే మెరుగైనదని అనుకుంటారు. 1990ల నుంచి రికార్డు కంపెనీలు ఈ బలహీనతను వాడుకున్నాయి. పాటలోని అతి సన్నని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య ఉండే అంతరాన్ని డైనమిక్ రేంజ్ అంటారు. ఆ అంతరాన్ని అణచే ప్రక్రియ కంప్రెషన్. పెద్ద శబ్దాలను అణచి, ఆ తరువాత మొత్తం స్థాయిని పెంచితే పాట మొదటి నిమిషంలో ఆకట్టుకుని, నాలుగో పాటకు చెవిని అలసటకు గురిచేస్తుంది. 2008లో మెటాలికా 'డెత్ మాగ్నెటిక్' విడుదలైనప్పుడు, అదే సంగీతం ఒక వీడియో గేములో తక్కువ కంప్రెషన్‌తో దొరుకుతోందని అభిమానులు పోల్చి చూపడంతో ఈ సంగతి బజారున పడింది. అందుకు భిన్నంగా 2009 సెప్టెంబరులో వచ్చిన బీటిల్స్ మోనో పెట్టెలో ఇంజనీర్లు ఆ అణచివేతకు పోలేదు.

కాబట్టి పాత ప్రతినీ కొత్త ప్రతినీ పోల్చదలచిన శ్రోత ముందుగా రెండింటి స్థాయినీ సమానం చేయాలి. ఇద్దరు కలిసి చేస్తే ఈ పని సులువు: ఒకరు ప్రతులు మారుస్తుంటే, ఏది ఏదో తెలియని రెండోవారు వింటూ గాయకుడి గొంతు రెండింటిలోనూ ఒకే స్థాయిలో వినిపించేదాకా సర్దుబాటు చేయించాలి. ఆ తరువాత పాట మొత్తం మీద అభిప్రాయం చెప్పే తొందర మానుకుని కొన్ని చోట్ల నిలిచి వినాలి. డ్రమ్స్ పక్కన ఉండే ఇత్తడి పళ్లేన్ని, అంటే సింబల్‌ను, కొట్టిన తరువాత దాని మోత క్రమంగా సన్నగిల్లి గాలిలో కలుస్తుంది; బుస తగ్గించే సాఫ్ట్‌వేరును అతిగా వాడితే ఆ తోక తెగిపోయి, లేదా నీళ్లలో మునిగినట్టు బుడబుడలాడి ఆగిపోతుంది. పాట చివర సంగీతం తగ్గుతూ పోయే చోట బుస కూడా దానితో పాటే తగ్గుతూ ఉంటే సహజం. సంగీతం ఇంకా వినబడుతుండగానే బుస ఒక్కసారిగా మాయమైతే అక్కడ కత్తెర పడిందని అర్థం. గాయకుడు ఊపిరి తీసుకునే చప్పుడు పాత ఎల్పీలో ఉండి కొత్త సీడీలో లేకపోతే, పోయినది చిటపటలు మాత్రమే కాదు. ఇలా సింబల్ తోక, పాట ముగింపు, ఊపిరి అనే మూడు చోట్లు పట్టుకున్న శ్రోతను అట్ట మీది మాటలు తేలికగా మభ్యపెట్టలేవు. ఈ మధ్య కలగలిసిన మోనో శబ్దం నుంచి గొంతును, గిటారును యంత్రమేధతో విడదీసే పద్ధతి కూడా వచ్చింది. బీటిల్స్ వారి 2022 నాటి 'రివాల్వర్' రీమిక్స్‌లో, 2023లో వెలువడిన 'నౌ అండ్ దెన్'లో దాన్ని వాడారు. నిపుణుల చేతిలో అది అద్భుతమే గాని, ఊరూపేరూ లేనివారు ఇంట్లో కూర్చుని చేసి ఎక్కించే ప్రతుల్లో లేని శబ్దాలు పుట్టుకొస్తున్నాయి.

అభ్యాసం విషయానికి వస్తే, స్ట్రీమింగ్ సేవల్లో వందల ఆల్బములు చేతికందే ఈ కాలంలో ఒక్కదానితో కొన్నాళ్లు ఉండడమే కష్టమైన పని. ఒక పునర్ముద్రణను ఎంచుకున్న శ్రోత మొదటిసారి ఏమీ చదవకుండా వినాలి, ఫోను పక్క గదిలో ఉంచితే మరీ మంచిది. రెండోసారి లైనర్ నోట్స్, అంటే అట్ట లోపల బృందం గురించీ రికార్డింగు గురించీ రాసిన వివరణ చదివి వినాలి. ఆ తరువాత ఒక్కో విడతలో ఒక్క వాయిద్యాన్నే అనుసరించాలి. రాక్‌లో దీనికి బాస్ గిటారు తగినది, ఎందుకంటే అది ఎప్పుడూ ఉంటుంది, ఎవరూ గమనించరు. ఆ కాలపు పత్రికలు దొరికితే చదవడం మరో మెట్టు: కలకత్తా నుంచి 1967-77 మధ్య డెస్మండ్ డాయిగ్ సంపాదకత్వంలో వెలువడిన 'జేఎస్' పత్రిక ఈ బృందాల గురించి విరివిగా రాసింది, సిద్ధార్థ్ భాటియా 2014 నాటి పుస్తకం 'ఇండియా సైకెడెలిక్' ఆ తరాన్ని పరిచయం చేస్తుంది. వినడం వల్ల వచ్చే ఆనందం చదవడం వల్ల పెరుగుతుందే గాని తగ్గదు, కాకపోతే క్రమం తారుమారైతే చెవి చదివినదాన్నే వింటుంది.

ఇంతవరకు చెప్పినది ఇతరులు వెలికితెచ్చిన రికార్డుల గురించి. కేజీఎఫ్, బంగారుపేట, ములబాగల, శ్రీనివాసపురం ఇళ్లలో ఇంకా వెలికిరానివి ఉండవచ్చు కాబట్టి వాటిని చూసుకునే పద్ధతి కూడా తెలియాలి. ఇంగ్లీషు పాటల రికార్డులే కానక్కరలేదు. జిల్లాలోని తెలుగు పల్లెల్లో పౌరాణిక నాటకాల మీద మోజు ఎక్కువ కాబట్టి హరిశ్చంద్ర పద్యాల లక్క రికార్డులకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. మొదట వేగం, పదార్థం గుర్తించాలి. బరువుగా ఉండి, కింద పడితే పింగాణీలా పగిలేవి నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డులు; వంగే గుణమున్నవి వినైల్‌తో చేసిన 45, 33 వేగాల రికార్డులు. బ్రిటన్‌లో 78 వేగపు రికార్డులకు కాలం చెల్లిన తరువాత కూడా భారతదేశంలో బీటిల్స్ పాటలు ఆ రూపంలో అచ్చయ్యాయి; ప్రపంచ సేకర్తలు వాటి కోసం వెతుకుతుంటారు, కాబట్టి పాత లక్క రికార్డు మీద పార్లోఫోన్ ముద్ర, ఆ నలుగురి పేరు కనిపిస్తే దాన్ని తూకానికి అమ్మకూడదు.

శుభ్రపరచడంలో ఒక్క నియమం మరవకూడదు: లక్క రికార్డుకు స్పిరిట్ తగలనివ్వరాదు, అది లక్కను కరిగిస్తుంది. డిస్టిల్డ్ వాటరులో ఒక చుక్క తేలికపాటి సబ్బు ద్రవం కలిపి, మెత్తని గుడ్డతో గాడి వెంబడి గుండ్రంగా తుడిచి, నడిమి లేబులు తడవకుండా చూసి, నీడలో నిలువుగా ఆరబెట్టాలి. కేజీఎఫ్‌లో ఈ పని మరింత ముఖ్యం. బంగారం తీసిన తరువాత మిగిలిన రాతిపొడి గుట్టలు, ఊరివారు సైనైడ్ దిబ్బలని పిలిచేవి, గాలి కాలంలో ఊరంతా సన్నటి దుమ్ము చల్లుతాయి. ఆ పొడి గాడిలో ఉండగా ముల్లు పెట్టి ఆడిస్తే గాడి గోడలు గీసుకుపోతాయి, ఆ నష్టాన్ని ఏ రీమాస్టరింగూ పూడ్చలేదు. ముల్లు సంగతీ అంతే: 78 వేగపు గాడి వెడల్పైనది, దానికి మొన సుమారు 75 మైక్రాన్ల వ్యాసార్ధం ఉండాలి, ఎల్పీ ముల్లు అందులో మూడో వంతు కూడా ఉండదు కాబట్టి గాడి అడుగున దొర్లుతూ చెత్తనే చదువుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు ఎంపీ3 రూపం వాడకుండా 24 బిట్ల వేవ్ ఫైలుగా దాచాలి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఇందుకు సరిపోతుంది. మొదటి ఫైలును ఏ సవరణా చేయకుండా అలాగే ఉంచి, చిటపటలు తీయడం వంటివన్నీ దాని నకలు మీదే చేయాలి. బంకగా మారిన టేపు స్పూలు దొరికితే మాత్రం ఇంట్లో ఆడించి చూడడం మానుకుని నిపుణులకు అప్పగించాలి.

చట్టం కూడా తెలిసి ఉండాలి. భారత కాపీరైటు చట్టం ప్రకారం రికార్డింగుపై హక్కు, అది ప్రచురితమైన తరువాతి క్యాలెండరు సంవత్సరం ఆరంభం నుంచి 60 ఏళ్లు ఉంటుంది. 1962లో వెలువడిన రికార్డింగు 2022తో హక్కు పరిధి దాటింది. 1970 నాటి సిమ్లా బీట్ 2030 చివరిదాకా హక్కుదారుదే. అయితే పాట రాసినవారి, స్వరపరచినవారి హక్కు వారి మరణానంతరం మరో 60 ఏళ్లు సాగుతుంది కాబట్టి, రికార్డింగుకు గడువు తీరినంత మాత్రాన దాన్ని ఎవరైనా అచ్చు వేసి అమ్మవచ్చని అనుకోకూడదు. సొంతానికి వినడానికి, భద్రపరచడానికి నకలు తీసుకోవడం వేరు, బజారులో పెట్టడం వేరు.

హక్కుదారు ఎవరో తెలియకపోవడం వల్లనే చాలా పునర్ముద్రణలు ఆగిపోతాయి. బృందంలో వాయించినవారు చెదిరిపోతారు, కంపెనీ చేతులు మారుతుంది, అట్ట మీద ఇంటిపేర్లు లేకుండా ముద్దుపేర్లే ఉంటాయి. అందువల్ల ఇంట్లోని ప్రతి రికార్డుకూ ఒక కాగితం జతచేయడం అవసరం: లేబులు మీది సంఖ్య, చివరి గాడికీ లేబులుకూ మధ్య ఖాళీలో గీసి ఉండే మాత్రిక సంఖ్య, ఎవరు ఎక్కడ కొన్నారు, వాయించినవారు ఎవరని ఇంట్లో పెద్దలు చెబుతారు, వారి కుటుంబం ఇప్పుడు ఏ ఊళ్లో ఉంది. మాత్రిక సంఖ్య అంటే అచ్చు తయారైన తల్లి పలకకు ఫ్యాక్టరీ ఇచ్చిన గుర్తు; అట్ట మారినా, లేబులు చిరిగినా అది మాత్రం పోదు, దీపం పక్కవాటుగా పెట్టి చూస్తే కనిపిస్తుంది. రాసే కాగితం ఆమ్లం లేనిదై ఉంటే రికార్డు అట్టకు మచ్చ పడదు. పెన్నుతో కాక పెన్సిలుతో రాయాలి, అట్ట మీద మాత్రం ఏదీ రాయకూడదు.